పొలం మునిగింది, చేతిలో ఫారాలు తప్ప ఏమీ లేవు. విస్తరణ ఉద్యోగి మొదటి మూడు రోజులు ఏం చేయగలడు?

వాననీటి_కొలత | సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. వ్యవసాయ విస్తరణ ఉద్యోగంలో, అంటే రైతులకి పొలం దగ్గరే సాగు సలహాలు చెప్పే పనిలో, చేరి ఏడు నెలలైంది. ఇదే నా మొదటి వరద.

నిన్న రాత్రంతా కురిసిన వానకి నా పరిధిలోని వరిలో సగానికి పైగా నీళ్లలో ఉంది. పొద్దున ఆరింటికి వెళ్లేసరికి గట్టు మీద ముప్పై మంది దాకా నిలబడి ఉన్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న, "పరిహారం వస్తుందా సారూ?" వస్తుందో రాదో చెప్పే అధికారం నాకు లేదు. నా దగ్గర ఉన్నవి ఒక గొడుగు, ఒక ఫోను, నష్టం రాసే ఫారాల కట్ట. ఆ కట్ట కూడా సగం తడిసింది.

చదువుకున్నప్పుడు పంట ఎలా పెంచాలో చెప్పారు. పంట పోతున్నప్పుడు గట్టు మీద నిలబడి ఏం మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. ఈ రెండు మూడు రోజుల్లో నిజంగా పనికొచ్చేది నేనేమైనా చేయగలనా? లేక ఫారాలు నింపే గుమాస్తానేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. రేపు ఐదింటికి మళ్లీ బయల్దేరాలి.

పాతడైరీ | సోమవారం, రాత్రి 10:52

బాబూ, ముందు నాలుగు విషయాలు చెప్పు. నాటి ఎన్ని రోజులైంది? ఆకు కొనలు పైకి కనిపిస్తున్నాయా, పూర్తిగా మునిగిందా? నీళ్లు పారుతున్నాయా, నిలిచిపోయాయా? బురదగా ఉన్నాయా, తేటగా ఉన్నాయా? ఈ నాలుగూ తెలియకుండా ఎవరు సలహా ఇచ్చినా నమ్మకు. నన్ను కూడా.

రేపు పొద్దున నువ్వు చెప్పాల్సిన మొదటి మాట "ఆగండి". వరద వచ్చిన మర్నాడు రైతు ఊరికే కూర్చోలేడు. ఏదో ఒకటి చేయాలి, లేకపోతే పిచ్చెక్కుతుంది. అందుకని నీళ్లలోనే యూరియా చల్లేస్తాడు, లేదా మందు కొట్టేస్తాడు. గాలి అందక వేరు ఊపిరాడని స్థితిలో ఉంటుంది. అప్పుడు ఎరువు వేసినా అది తీసుకోలేదు, ఆ యూరియా నీళ్లతో పాటు కాలవలోకి పోతుంది. ఆకు మీద బురద పేరుకుని ఉంటే కొట్టిన మందు బురదకే అంటుకుంటుంది. వరదలో పోయింది పోగా, ఈ ఖర్చు మనం చేతులారా పోగొట్టేది. దాన్ని ఆపగలిగితే నువ్వు గుమాస్తావి కాదు.

రెండో పని నీళ్లు తీయించడం. ఇక్కడే గొడవలు అవుతాయి. పై పొలం ఆయన తన గట్టు తెగ్గొడితే కింద పొలం ఇంకో అడుగు మునుగుతుంది. కింద మురుగు కాలవకి అడ్డు తీయకుండా పైన మడవలు, అంటే నీళ్లు వదిలే గండ్లు, తెరిస్తే ఊరంతా కొట్టుకుంటుంది. చివరి పొలం నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఎవరి తర్వాత ఎవరు గండి కొట్టాలో అందరినీ ఒకచోట నిలబెట్టి తేల్చు. ఆ తడిసిన ఫారం వెనక్కి తిప్పి బొమ్మ గియ్యి. మడవలు, కాలవ, గట్లు గీసి ఏ మడి ఎవరిదో పేర్లు రాయి. ఆ పని మొదటి రోజు చేయగలిగేది ఊళ్లో నువ్వొక్కడివే. ఎందుకంటే అక్కడ నీకు పొలం లేదు.

నాగటిచాలు | సోమవారం, రాత్రి 11:15

పెద్దాయన చెప్పింది వినడానికి బావుంది. నేను రైతుని, నా అనుభవం కూడా రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

రెండేళ్ల కింద వడగళ్లు పడ్డాయి. చేతికొచ్చిన మొక్కజొన్న కర్రలుగా మిగిలింది. రెండో రోజు ఒకాయన వచ్చాడు. పొలంలోకి దిగలేదు. రోడ్డు మీద నుంచే ఫొటో తీసుకున్నాడు. "పై వాళ్లకి పంపిస్తా" అన్నాడు. ఏం చేయాలి, దున్నాలా ఉంచాలా అని అడిగితే "ఆర్డర్స్ రానివ్వండి" అన్నాడు. మూడు వారాలకి సలహా కాగితం వచ్చింది. అప్పటికి నేను దున్నేసి వేరే పంట విత్తేశాను. ఆ కాగితంలో దున్నొద్దని ఉంది!

దెబ్బతిన్న రోజు మాకు డబ్బు ఒక్కటే కావాలని అనుకుంటారు మీరు. నాకు ఆ రోజు కావాల్సింది ఒక్క మాట: ఉంచనా, తీసేయనా? తప్పైనా ఫర్వాలేదు, నాతో పాటు పొలంలోకి దిగి చెప్పేవాడు కావాలి.

వాననీటి_కొలత | మంగళవారం, ఉదయం 5:05

> ఉంచనా, తీసేయనా?

అన్నా, ఈ ప్రశ్న రాత్రంతా తొలిచింది. నిన్న నేను కూడా చాలామందికి "చూద్దాం" అనే చెప్పాను.

పాతడైరీ గారూ, వివరాలు ఇవి. ఎక్కువ భాగం నాటి నలభై రోజులైన వరి, పిలకల దశ. అందులో సగంలో కొనలు కనిపిస్తున్నాయి, మిగతా సగం పూర్తిగా మునిగింది. నీళ్లు బురదగా ఉన్నాయి, నెమ్మదిగా పారుతున్నాయి. ఎత్తు పొలాల్లో ముందుగా వేసిన వరి గింజ గట్టిపడే దశలో ఉంది, అది గాలికి పడిపోయింది. పక్కన కొంత పత్తి ఉంది, సాళ్లలో నీళ్లు నిలిచాయి. బయల్దేరుతున్నాను.

పాతడైరీ | మంగళవారం, ఉదయం 5:40

కొనలు కనిపించే వరికి భయం లేదు. పూర్తిగా మునిగిన దానికి లెక్క రోజుల్లో ఉంటుంది. మామూలు రకాలు వారం దాటితే కష్టం, ముంపును తట్టుకునే రకమైతే రెండు వారాల దాకా ఆగుతుంది. స్వర్ణ-సబ్1 లాంటివి ఆ పనికోసమే తీశారు, 2009లో విడుదలైంది. ఎవరు ఏ రకం వేశారో నీ దగ్గర రాసి ఉందా? ఉంటే ఎవరి పొలానికి ముందు పరుగెత్తాలో ఇప్పుడే తెలిసిపోతుంది. లేకపోతే ఈసారికి నష్టం రాసేటప్పుడే రకం కూడా రాసుకో.

నీళ్లు తీశాక, మొక్క కొత్త ఆకు వేయడం మొదలుపెట్టాక, ఎకరానికి 20 నుంచి 25 కిలోల యూరియా, 10 నుంచి 15 కిలోల పొటాష్ పైపాటుగా వేయించు. ముందు కాదు. పత్తిలో నీళ్లు తీయగానే మొక్కలు వడలిపోతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయించు. ఆకు పచ్చదనం రావడానికి లీటరుకి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారీ చేయొచ్చు.

పడిపోయిన వరిలో నాలుగైదు దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టమను. ఇంకా వాన ఉంటే గింజ కంకి మీదే మొలకెత్తుతుంది. దానికి లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేలా కొట్టాలి. ఇది గింజ ముదిరిన దాని మీద మాత్రమే. పాలు పోసుకుంటున్న దాని మీద వద్దు.

కొట్టు_బాబాయ్ | మంగళవారం, ఉదయం 9:30

ఎరువులు, పురుగు మందుల కొట్టు నడుపుతాను. తిడతారని తెలుసు, అయినా రాస్తున్నా.

ఇలాంటి రోజు రైతు ముందు వచ్చేది నా దగ్గరికే, ఆఫీసరు దగ్గరికి కాదు. పొద్దున్నే నా కొట్టు ముందు పది బళ్లు ఆగి ఉంటాయి. "ఏదో ఒకటి ఇవ్వు బాబాయ్" అంటారు. అరువు మీద అంటారు. నేను ఇవ్వకపోతే పక్క కొట్టుకి పోతారు. నేను దేవుణ్ణి కాదు, నాకూ సరుకు కదలాలి.

కానీ ఒకసారి ఒక అమ్మాయి, కొత్తగా వచ్చిన ఆఫీసరు, తెల్లవారుజామునే ఫోన్ చేసింది. "అంకుల్, ఇవాళ యూరియా అడిగితే నీళ్లు తీసేదాకా ఇవ్వొద్దు. కాపర్ ఆక్సీక్లోరైడ్ ఎంత ఉంది? ఎవరికి ఇచ్చినా మోతాదు సంచి మీద రాసి ఇవ్వండి" అంది. అడ్డగీతల కాగితం మీద నాలుగు లైన్లు రాసి కౌంటర్ మీద అంటించాను. ఆ వారం నాకు వ్యాపారం తక్కువే జరిగింది. తర్వాతి సీజన్‌కి మాత్రం జనం వచ్చారు. వాననీటి బాబూ, మీ ఊరి కొట్టు వాళ్లకి ఫోన్ చేశావా?

నాగటిచాలు | మంగళవారం, ఉదయం 9:48

కొట్టు వాళ్లు నీతులు చెప్పే రోజులొచ్చాయి. నాకు నాలుగు డబ్బాలు కలిపి కొట్టమని ఇచ్చింది కూడా మీలాంటి బాబాయే.

నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 10:02

వ్యక్తిగత విమర్శలు వద్దు. "సబ్సిడీ ఎప్పుడు పడుతుంది" అని అడిగిన మూడు పోస్టులు వేరే చర్చకి మార్చాను. ఇక్కడ విపత్తు సమయంలో పొలం పని గురించే మాట్లాడుకుందాం.

పురుగుబుర్ర | మంగళవారం, మధ్యాహ్నం 1:10

నాగటిచాలు గారి నాలుగు డబ్బాల మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఇది ఒక్కో దేశం మొత్తానికి జరిగిన సంగతి. ఇండోనేషియాలో వరి మీద రసం పీల్చే సుడిదోమ విరుచుకుపడింది. కొట్టేకొద్దీ పెరిగింది. దోమని తినే సాలీళ్లు ముందు చచ్చాయి, దోమ గుడ్లు మొక్క లోపల భద్రంగా ఉన్నాయి. చివరికి 1986లో వరి మీద వాడే 57 పురుగు మందుల్ని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. 1989 నుంచి రైతు పొలం బడులు మొదలుపెట్టారు. రైతులు వారానికోసారి పొలంలో కూర్చుని దోమల్ని, సాలీళ్లని లెక్కపెట్టి, కొట్టాలా వద్దా అని తామే తేల్చుకునేవాళ్లు. ఇవాళ మన దగ్గర పొలంబడి అంటే ఒక బ్యానరు, ఒక గ్రూప్ ఫొటో అయింది గానీ, అది పుట్టింది ఒక ఎమర్జెన్సీ లోంచి.

ఇంకో ఉదాహరణ మొక్కజొన్న కత్తెర పురుగు. అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో బయటపడింది, 2018కి భారత్ చేరింది. తల్లి రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా ఎగరగలదు. పై నుంచి ఉత్తరం వచ్చేసరికి అది మూడు జిల్లాలు దాటుతుంది. అందుకే దాన్ని మొదట గుర్తుపట్టాల్సింది పొలంలో ఉన్న మనిషే. గుర్తులు రెండే: తల మీద తిరగేసిన ఇంగ్లిష్ వై అక్షరం, తోక దగ్గర చతురస్రంలా నాలుగు నల్ల చుక్కలు. మొక్కజొన్న సుడిలో, అంటే నడిమి ఆకుల చుట్టలో, రంపపు పొట్టులాంటి రెట్ట కనిపిస్తే ఆకు విప్పి చూడాలి. విస్తరణ ఉద్యోగి ఈ రెండు గుర్తులు పది మందికి పురుగు పట్టుకుని చూపిస్తే చాలు, ఆ పది మంది వంద పొలాలు చూస్తారు.

వరద తగ్గాక వారం పది రోజులకి తెగుళ్లు, దోమ మొదలవుతాయి. వాననీటి గారూ, ఇప్పుడు మందు వద్దని చెప్పి వదిలేయొద్దు. "ఫలానా రోజు మళ్లీ వస్తాను, కలిసి దుబ్బు కొట్టి దోమ రాలుతుందేమో చూద్దాం" అని తేదీ చెప్పండి. తేదీ లేని "ఆగండి" వాళ్లకి "పోండి" లాగే వినిపిస్తుంది.

మిడతల_వెంట | మంగళవారం, సాయంత్రం 6:25

నేను కొన్నాళ్లు తూర్పు ఆఫ్రికాలో సహాయ కార్యక్రమాల్లో పనిచేశాను. 2020 మిడతల దాడి అప్పుడు అక్కడే ఉన్నాను. ఒక చదరపు కిలోమీటరు దండులో సుమారు నాలుగు కోట్ల మిడతలు ఉంటాయని, అవి ఒక్క రోజులో 35 వేల మంది తిండికి సమానమైనంత తినేస్తాయని లెక్క. దండు వచ్చి వాలాక రైతు పళ్లాలు మోగిస్తాడు, పొగ పెడతాడు. అవి లేచి పక్కవాడి చేలో వాలతాయి.

అక్కడ విస్తరణ సిబ్బంది చేసిన అసలు పని దండు వచ్చిన రోజుది కాదు. అంతకు ముందు నెలది. రెక్కలు రాని పిల్ల మిడతలు నేల మీద గుంపులుగా పాకుతూ పోతుంటాయి. ఆ నెల, నెలన్నరలో దొరికితేనే తక్కువ మందుతో అదుపు. ఎక్కడ పాకుతున్నాయో చెప్పేది పశువుల కాపర్లు. వాళ్ల మాట విని, అక్కడికి నడిచి వెళ్లి, ఫోన్లో ఈలోకస్ట్ యాప్‌లో ఆ చోటు గుర్తు పెట్టాలి. మందు చల్లే విమానానికి ఎటు వెళ్లాలో తెలిసేది ఆ గుర్తుల వల్లే. ఎక్కడ ఎవరు పశువులు మేపుతారో ముందే తెలిసిన ఉద్యోగికి పది ఫోన్లు వచ్చేవి. తెలియని వాళ్లకి ఒక్కటీ రాదు.

మందు కొట్టే ముందు రోజు ఊరూరా తిరిగి చెప్పడం ఇంకో పని. తేనెపెట్టెలు తీసేయండి, పశువుల్ని ఇటు తోలొద్దు, చచ్చిన మిడతల్ని ఏరుకుని తినొద్దు, కోళ్లకి వేయొద్దు. ఇది చెప్పే మనిషి కొత్త మొహమైతే ఎవరూ వినరు. నేను కొత్త మొహాన్ని, నా మాట వినలేదు. నా పక్కన నిలబడ్డ స్థానిక ఉద్యోగిని అదే మాట చెబితే గంటలో తేనెపెట్టెలు కదిలాయి.

కంకి_పాలు | మంగళవారం, రాత్రి 8:40

తమ్ముడూ, ఇన్ని రాశారు గానీ ఫారం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఫారంలో ఎవరి పేరు రాస్తున్నావు?

కాగితం మీద భూమి ఒకరిది, దున్నేది ఇంకొకరు. కౌలుకు చేసేవాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు. మా ఇంట్లో పొలం పని నాది, పట్టా ఆయన పేరున ఉంది, ఆయన వేరే ఊళ్లో పనిలో ఉంటాడు. నష్టం రాయడానికి వచ్చినాయన "మీవారు లేరా, సరే మళ్లీ వస్తాం" అని పోయాడు. మళ్లీ రాలేదు. గట్టు మీద నిన్న నీకు కనపడిన ముప్పై మందిలో ఆడవాళ్లెందరు? ఆ టైమ్‌కి మేము ఇంట్లో తడిసిన గింజలు ఆరబెట్టుకుంటుంటాం.

ఆ గింజల సంగతి కూడా అడుగు. వచ్చే పంటకి దాచిన విత్తనం తడిస్తే పైకి బాగానే కనిపిస్తుంది. వంద గింజలు తడిగుడ్డలో చుట్టి, నాలుగైదు రోజులాగి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టాలి. ఎనభై మొలిస్తే విత్తుకోవచ్చు. అంతకంటే బాగా తగ్గితే ఆ విత్తనం మీద ఆశ పెట్టుకోకూడదు. ఇది ఇవాళ చెబితేనే పని జరుగుతుంది, విత్తే రోజు చెబితే ఏం లాభం?

మిడతల_వెంట | మంగళవారం, రాత్రి 9:05

అక్క చెప్పిన విత్తనం మాట బంగారం. విపత్తు అనగానే లారీల్లో విత్తనం దింపడం పెద్ద సంస్థలకి అలవాటు. చాలాసార్లు విత్తనం చుట్టుపక్కల ఊళ్లలోనే ఉంటుంది, కొనడానికి చేతిలో డబ్బే ఉండదు. అందుకే 2000 ప్రాంతంలో తూర్పు ఆఫ్రికాలో విత్తన సంతలు పెట్టి, దెబ్బతిన్న వాళ్లకి చీటీలిచ్చే పద్ధతి తెచ్చారు. ఎవరికి నచ్చిన రకం వాళ్లు కొనుక్కుంటారు. ఎవరి దగ్గర ఏ విత్తనం మిగిలిందో తెలిసిన విస్తరణ మనిషి లేకపోతే ఆ సంత జరగదు.

వాననీటి_కొలత | బుధవారం, రాత్రి 11:30

రెండు రోజుల సంగతులు. చాలా అలసిపోయాను, తప్పులుంటే క్షమించండి.

బొమ్మ గీశాం. ఫారం వెనకే. మొదట ఎవరూ ఒప్పుకోలేదు. చివరి పొలం ఒక ముసలాయనది. "నా గట్టే ముందు తెగాలా" అని ఆయన పట్టు. కాలవలో అడ్డంగా పెరిగిన తుంగ, గుర్రపుడెక్క తీస్తే తప్ప ఏ గట్టు తెగ్గొట్టినా లాభం లేదని అక్కడ నిలబడ్డాకే అర్థమైంది. పదిహేను మంది దిగి రెండు గంటలు లాగారు. నేనూ దిగాను. నీళ్లు ఒక్కసారిగా సుడి తిరిగి పోవడం మొదలయ్యాక ఇక ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ముసలాయనే పార తీసుకున్నాడు.

ఇప్పుడు నా తప్పు. పడిపోయిన వరికి ఉప్పు ద్రావణం సంగతి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. తొందరలో గింజ ముదిరిన దాని మీదే అనే మాట చెప్పలేదు. సాయంత్రానికి అది నాలుగు ఊళ్లు తిరిగింది. ఒక రైతు పాలు పోసుకుంటున్న వరి మీద కొట్టేశాడు. ఆకు కొనలు మాడుతున్నాయి. ఆయన ఫోన్ చేశాడు, తిట్టలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఏం చేయాలి?

పాతడైరీ | గురువారం, ఉదయం 4:50

ముందు ఆయన పొలానికి వెళ్లు. ఫోన్లో వద్దు. వాన మళ్లీ పడిందంటే ఉప్పు చాలావరకు కడుక్కుపోతుంది. పడకపోతే మంచినీళ్లు పిచికారీ చేయించు. కొనలు మాడినంత మాత్రాన పంట పోదు, కంకిని చూడు.

తర్వాత అదే గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టు. "నిన్న నేను చెప్పిన దాంట్లో ఒక మాట తప్పింది" అని నీ గొంతుతోనే చెప్పు. పాతది తీసేసి ఊరుకోవద్దు. అది ఎప్పుడో వేరే ఫోన్లలోకి వెళ్లిపోయింది. మెసేజ్‌లో ముందు పంట దశ, తర్వాత పని, చివర మోతాదు. ఈ వరస తప్పొద్దు. జనం మొదటి వాక్యం విని ఫార్వర్డ్ చేస్తారు.

నేను సర్వీసులో కొత్తగా ఉన్నప్పుడు తుప్పు తెగులనుకుని పోషక లోపానికి మందు కొట్టించాను. ఆ రైతు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు. తప్పు చెప్పినందుకు కాదు, మర్నాడు వెళ్లినందుకు.

సముద్రగాలి | గురువారం, మధ్యాహ్నం 12:15

ఉప్పు మాట వచ్చింది కాబట్టి తుపాను ప్రాంతాల వాళ్లకి ఒక ముక్క. ఉప్పెన నీళ్లు పొలంలోకి వస్తే ఇది వేరే కథ. 2004 సునామీ తర్వాత, 2008లో మయన్మార్ ఐరావతి డెల్టాని నర్గీస్ తుపాను ముంచాక, ఇంక ఈ నేల పండదని రైతులు భయపడ్డారు. నేల ఉప్పదనం కొలిచే ఈసీ మీటరుతో మడి మడికీ చూడాలి. చాలా చోట్ల మంచినీళ్లు పెట్టి, నిలబెట్టి, తీసేసి, ఒకటి రెండు వానాకాలాలు గడిస్తే తేరుకుంటుంది. డ్రైనేజీ ఉంటేనే సుమా. జిప్సం అని అందరూ అంటారు, అది సోడియం పట్టిన చౌడుకే పనిచేస్తుంది. ఉత్త ఉప్పుకి కావాల్సింది నీళ్లు, పోయే దారి. పరీక్ష చేయకుండా జిప్సం బస్తాలు మోయించొద్దు.

నాగటిచాలు | గురువారం, సాయంత్రం 7:30

వాననీటి తమ్ముడూ, కాలవలో దిగావన్నావు చూడు, అక్కడ నీ మీద కోపం పోయింది.

బీమా ఉన్నవాళ్లకి ఒకటి గుర్తు చెయ్యి. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ముంపు, వడగళ్ల లాంటి స్థానిక నష్టాలు 72 గంటల్లో చెప్పాలి. గట్టు మీద నిలబడి ఏడుస్తుంటే ఆ గడువు దాటిపోతుంది. నాకు అలాగే దాటింది. సోమవారం పొద్దుటి నుంచి లెక్కపెడితే ఇవాళ పొద్దుటికే అయిపోయింది, ఇంకా ఆలస్యం చేయొద్దు. ఎవరెవరు చెప్పలేదో అడుగు. ఫొటో తీస్తే పొలం హద్దు రాయో, చెట్టో కనపడాలి. ఉత్త నీళ్ల ఫొటో ఎవరి పొలమైనా ఒకటే.

వాననీటి_కొలత | గురువారం, రాత్రి 8:02

అన్నా, పదకొండు మంది చెప్పలేదు. ఇప్పుడే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. తర్వాత రాస్తాను.

పాతడైరీ | శుక్రవారం, ఉదయం 6:10

ఒక్క సంగతి వదిలేశాం, అది కూడా చెప్పి ఊరుకుంటాను.

గట్టు మీదకి వచ్చి అరిచే రైతు గురించి నాకెప్పుడూ భయం లేదు. రానివాడి గురించే భయం. నా సర్వీసులో ఒక వరదప్పుడు అందరి పొలాలూ రాసేశాం, ఒకాయన రాలేదు. మీటింగులో ముందు వరసలో కూర్చునే మనిషి. సాయంత్రం ఇంటికి వెళ్తే గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మూడు రోజులుగా అన్నం తినలేదని భార్య చెప్పింది. పురుగు మందు డబ్బాలు మంచం కిందే ఉన్నాయి. పంట గురించి ఒక్క మాట మాట్లాడలేదు నేను. డబ్బాలు వాళ్ల అన్న ఇంటికి మార్పించాం. ఒంటరిగా ఉంచొద్దని చెప్పి, మర్నాడు నేనూ ఆ అన్నా కలిసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆ పని నా ఉద్యోగంలో ఎక్కడా రాసి లేదు. మనం డాక్టర్లం కాదు, ఆ పని చేయబోవద్దు కూడా. కానీ ఇంటింటికీ తిరిగే వాళ్లం కాబట్టి ముందు మన కంటే పడుతుంది.

అమెరికాలో 1993 మిడ్‌వెస్ట్ వరదల తర్వాత అక్కడి విస్తరణ విభాగాలు కలిసి విపత్తుల కోసమే ఒక నెట్‌వర్క్ పెట్టుకున్నాయి. ఒక రాష్ట్రంలో నేర్చుకున్నది ఇంకో రాష్ట్రంలో మళ్లీ మొదటి నుంచి కనిపెట్టనక్కర్లేకుండా. మనకి ఈ ఫోరం చర్చ ఉంది, ప్రస్తుతానికి ఇదే సరిపెట్టుకుందాం.

వాననీటి_కొలత | తర్వాతి బుధవారం, రాత్రి 9:45

వరద వచ్చిన తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను.

మునిగిన దాంట్లో పూర్తిగా పోయిన మడులు ఉన్నాయి, దాచడం లేదు. కాలవ చివరన నీళ్లు ఆలస్యంగా దిగిన చోట మొక్క మెత్తబడి కుళ్లింది. అక్కడ ఉంచొద్దు, తీసేయండి అని చెప్పాను. మొదటిసారి ఆ మాట అనడానికి నోరు రాలేదు. నాగటిచాలు అన్న ప్రశ్న గుర్తొచ్చి అనేశాను. మిగతా చోట ఇవాళ ఒక దుబ్బు పీకి చూశాం. పాత వేళ్లు నల్లగా ఉన్నాయి, వాటి పైన వేలెడంత తెల్లటి కొత్త వేళ్లు వచ్చాయి. అది చూశాకే పొటాష్ వేయమన్నాను.

ఉప్పు కొట్టిన రైతు పొలంలో ఆకు కొనలు మాడాయి గానీ కంకి బాగుంది. బీమా చెప్పని పదకొండు మందిలో తొమ్మిది మంది ఆ రాత్రే చెప్పగలిగారు. ఇద్దరి ఫోన్లు దొరకలేదు. కంకి_పాలు అక్కా, ఫారంలో దున్నేవాళ్ల పేరు రాయడానికి గడి లేదు. పక్కన చేత్తో రాశాను. పై వాళ్లు ఒప్పుకుంటారో లేదో చూడాలి. దుబ్బు కొట్టి చూసే రోజు శనివారం అని చెప్పాను. టైమ్ సాయంత్రానికి మార్చాం, ఆడవాళ్లు రావడానికి వీలుగా.

నాగటిచాలు | తర్వాతి బుధవారం, రాత్రి 10:10

మంచిది. ఆ మడవల బొమ్మ ఫొటో పెట్టు తమ్ముడూ. వాన రాకముందే మా ఊళ్లో కూడా గీయించుకుంటాం. మా ఆఫీసరుకి నేనే చూపిస్తా.

వాననీటి_కొలత | తర్వాతి బుధవారం, రాత్రి 10:14

అన్నా, ఫొటో తీద్దామనుకునేలోపు ఆ ఫారాలు పై ఆఫీసుకి వెళ్లిపోయాయి, వెనక బొమ్మతో సహా. శనివారం ముసలాయన్ని కూర్చోబెట్టి మళ్లీ గీస్తాను. ఈసారి తడవని కాగితం మీద.